ప్రచార మాధ్యమాలలో స్త్రీ రూపం: మూడు మతాల మహిళలు, ఒకే ప్రశ్న

ఉదయం బస్సు కోసం నిలబడిన చోట, నగల దుకాణం వారి బోర్డుపై పెళ్ళికూతురు. కూడలి దాటగానే టైర్ల ప్రకటనలో బండికి ఆనుకొని నిలబడిన యువతి. రాత్రి ఇల్లు చేరి టీవీ పెడితే ధారావాహికలో కన్నీరు కార్చే కోడలు. నడుమ నడుమ బట్టల సబ్బు, చర్మపు క్రీము. ఇక చేతిలోని ఫోను సంగతి చెప్పనక్కరలేదు. నగరంలో నివసించే ఒక కుటుంబం ఒక్క దినంలో చూసే స్త్రీ చిత్రాలను లెక్కించడం కష్టం. అయితే లెక్కించదగిన విషయం మరొకటి ఉన్నది. వాటిలో ఎన్ని చిత్రాలలో ఆ స్త్రీ ఆలోచిస్తోంది, నిర్ణయిస్తోంది, పని చేస్తోంది? ఎన్నింటిలో కేవలం చూడబడుతోంది?

ఈ ప్రశ్న ఏ ఒక్క మతానికో, ఏ ఒక్క భాషకో చెందినది కాదు. బెంగళూరు వంటి నగరంలో ఒకే వీధిలో హిందూ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఇరుగుపొరుగుగా ఉంటాయి. ఆ వీధి మొదట్లో నిలిచిన ప్రకటన ఫలకాన్ని అందరూ చూస్తారు. అది ఇబ్బందికరమైనదని అందరికీ తోచవచ్చు. కాని ఎందుకు ఇబ్బందికరమో చెప్పవలసి వచ్చినప్పుడు మాటలు వేరవుతాయి. ఆ మాటలను ఒక చోటికి చేర్చడం ఎలాగో, చేర్చిన పిదప పౌరులుగా ఏమి చేయవచ్చునో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

వస్తూకరణ అనగా ఏమి?

వ్యక్తిని వస్తువుగా చూడడాన్ని 'వస్తూకరణ' అంటారు. అమెరికా తత్వవేత్త మార్తా నస్‌బామ్ 1995లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీనికి ఏడు లక్షణాలను పేర్కొన్నారు. మనిషిని ఇతరుల ప్రయోజనానికి పనిముట్టుగా వాడుకోవడం మొదటిది. స్వంత నిర్ణయశక్తి లేనట్లు చూడడం రెండవది. చొరవ, చేతన లేనట్లు చూడడం మూడవది. ఒకరి స్థానంలో మరొకరిని పెట్టినా తేడా లేదనుకోవడం నాలుగవది. హద్దు దాటి తాకవచ్చు, గాయపరచవచ్చు అనుకోవడం అయిదవది. కొనడానికీ అమ్మడానికీ వీలున్న సొత్తుగా ఎంచడం ఆరవది. ఆమె మనసులో ఏమున్నదో పట్టించుకోనక్కరలేదనుకోవడం ఏడవది. ఇవి ఏ సందర్భంలో కనబడుతున్నాయన్నది కూడా ముఖ్యమేనని ఆమె వివరించారు.

ఈ ఏడింటిలో దుస్తుల ప్రస్తావన ఒక్కటీ లేదన్నది గమనించాలి. తల నుండి పాదం వరకు పట్టుచీరలో ఉన్న పెళ్ళికూతురిని, ఎన్ని తులాల బంగారంతో పంపితే తండ్రి గౌరవం నిలుస్తుందో చెప్పడానికి మాత్రమే చూపిన ప్రకటన ఆమెను సొత్తుగానే చూపుతోంది. మరొక చిత్రంలో ఈత దుస్తులు ధరించిన క్రీడాకారిణి తన పతకం గురించి మాట్లాడుతూ ఉండవచ్చు. అక్కడ ఆమె వస్తువు కాదు, కర్త. కనుక 'ఎంత కప్పుకొన్నది?' అన్న ప్రశ్నతో మొదలుపెట్టిన చర్చ తరచుగా తప్పుదారి పడుతుంది.

1996 నాటి బెంగళూరు

ఈ తేడాను బోధించే ఒక ఘట్టం ఈ నగర చరిత్రలోనే ఉన్నది. 1996 నవంబరు 23న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో ప్రపంచ సుందరి పోటీ జరిగింది. అంతకుముందు కొన్ని వారాల పాటు నగరంలో నిరసనలు సాగాయి. మదురైలో ఒక యువకుడు నిరసనగా ఆత్మాహుతి చేసుకొన్నాడు. గట్టి పోలీసు బందోబస్తు మధ్య పోటీ ముగిసింది.

ఆ నిరసనలలో రెండు వేర్వేరు స్వరాలు వినిపించాయి. ఇటువంటి ప్రదర్శన భారతీయ సంస్కృతికి తగదన్నది మొదటి స్వరం. స్త్రీ శరీరానికి మార్కులు వేసి, దాని చుట్టూ సౌందర్య సాధనాల వ్యాపారాన్ని పెంచడం స్త్రీల గౌరవానికి భంగమన్నది రెండవ స్వరం. మహిళా సంఘాలు అనేకం ఈ రెండవ మాటను పలికాయి. ఊరేగింపులు చూసినవారికి ఇద్దరూ ఒకే మాట అంటున్నట్లు తోచింది. కాని ఈత దుస్తుల భాగాన్ని నిర్వాహకులు సేషెల్స్ దీవులకు తరలించినప్పుడు తేడా బయటపడింది. సంస్కృతి పేరిట అడిగినవారికి కొంత సమాధానం దొరికినట్లయింది; ఆ దృశ్యం ఈ నేలమీద జరగలేదు. గౌరవం పేరిట అడిగినవారి ప్రశ్న మాత్రం అక్కడే నిలిచింది. సముద్రం దాటి మార్కులు వేసినంత మాత్రాన మార్కులు మార్కులు కాకపోవు.

మూడిళ్ళ మాట

ఇటువంటి చర్చ ఒక వార్డులో నేడు జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకుందాం. పాఠశాల ఎదుట టైర్ల ప్రకటన ఫలకం ఒకటి వెలిసింది. టైర్ల కంటె పెద్దగా, వాటిపై వాలి పడుకొన్నట్లుగా ఒక యువతి బొమ్మ. ఆ కాలనీ సంఘం గదిలో ముగ్గురు తెలుగు మహిళలు కూర్చున్నారు. ఒకరు కోలారు నుండి వచ్చి నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉన్న హిందూ గృహిణి, పెద్దావిడ. రెండవవారు హిందూపురం నుండి వచ్చిన ముస్లిం ఉపాధ్యాయిని. మూడవవారు గుంటూరు ప్రాంతం నుండి ఉద్యోగానికి వచ్చిన క్రైస్తవ నర్సు.

పెద్దావిడ మొదట అందుకొన్నారు. "ఆ పిల్ల అయినా అలాంటి ఫొటోకి ఎలా ఒప్పుకుందమ్మా? మన ఆడపిల్లలే ఇలా ఉంటే ఎవర్ని అని ఏం లాభం?"

"పిన్నిగారూ, ఆ అమ్మాయి తన కూలి తాను తీసుకుని వెళ్ళిపోయింది," అన్నది నర్సు. "ఫొటో ఎలా ఉండాలో చెప్పినవాడు ఒకడు. డబ్బు పెట్టినవాడు ఒకడు. బడి ముందు కట్టినవాడు ఇంకొకడు. వాళ్ళెవరి పేరూ మనం ఎత్తలేదు. ఆ పిల్ల దగ్గరే ఆగిపోయాం."

ఉపాధ్యాయిని నెమ్మదిగా అన్నారు. "నాకు నిండుగా బట్ట కట్టుకోవడం నా దీన్‌లో భాగం. అది నేను వదలను. కానీ నిండుగా కట్టుకున్నా వదిలిపెట్టరమ్మా. సినిమాలో బురఖా వేసుకున్న మనిషి వచ్చిందంటే, కష్టాలు పడుతూనైనా ఉండాలి, ఎవరైనా వచ్చి కాపాడాలి. లేకపోతే ఆ బురఖా చాటున ఏదో దాచి ఉండాలి. ఆమెకూ ఒక ఉద్యోగం ఉందనీ, ఇంటి అద్దె కట్టుకుంటుందనీ ఎవరూ చూపించరు."

"మా సంగతి అడగండక్కా," నర్సు నవ్వింది. "పాత సినిమాల్లో క్లబ్బులో డాన్సు చేసే పాత్రకు క్రైస్తవుల పేరే పెట్టేవాళ్ళు. ఇప్పుడు కామెడీలో నర్సును చూడండి. పన్నెండు గంటల డ్యూటీ చేసి బస్సెక్కితే, ఆ కామెడీ చూసినవాడే మమ్మల్ని అదోలా చూస్తాడు."

పెద్దావిడ కొంతసేపు మౌనంగా ఉండి, "మా ఇళ్ళలో సీరియళ్ళు చూస్తే కోడలు ఏడవాలి, అత్త విషం కలపాలి. అదీ మేం కాదులే," అన్నారు.

ఇక్కడ చర్చ ఒక మెట్టు ఎక్కింది. ప్రతి ఒక్కరూ తన సమాజపు స్త్రీని తెరపై ఒక అచ్చులో పోసి చూపుతున్నారని గుర్తించారు. అచ్చులు వేరు, పోత ఒక్కటే.

వేలం, పందెం, చూపు

ఉపాధ్యాయిని చెప్పిన తరువాతి విషయం ఊహ కాదు, దేశమంతటికీ తెలిసిన ఘటన. 2021 జూలైలోను, తిరిగి 2022 జనవరి 1న మరొక పేరుతోను, కొందరు వ్యక్తులు యాప్‌లు తయారుచేసి, ముస్లిం మహిళల ఛాయాచిత్రాలను వారి అనుమతి లేకుండా సేకరించి, వేలానికి ఉన్నట్లుగా ప్రదర్శించారు. వారిలో విలేఖరులు, సామాజిక కార్యకర్తలు, ఒక విమాన చోదకురాలు ఉన్నారు. అవి వారు తమ ఖాతాలలో స్వయంగా పెట్టుకొన్న మర్యాదకరమైన చిత్రాలు. నిజమైన అమ్మకం ఏదీ లేదు, అవమానించడమే ఉద్దేశం. పోలీసులు కేసులు నమోదు చేశారు. రెండవ ఘటనలో ముంబయి పోలీసులు అదుపులోకి తీసుకొన్నవారిలో బెంగళూరులో చదువుతున్న ఒక ఇంజనీరింగు విద్యార్థి ఉన్నాడు.

"వాళ్ళలో ఎవరి బట్టలు తప్పు?" అని ఉపాధ్యాయిని అడిగారు.

జవాబు పెద్దావిడ నుండి వచ్చింది. "ద్రౌపదిని సభకు పిలవడానికి ప్రాతికామి వచ్చినప్పుడు, ఆమె ముందు ఏమడిగిందో మా ఊళ్ళో హరిదాసు చెబుతుండేవాడు. ధర్మరాజు ముందు తన్ను తాను ఓడాడా, ముందు నన్ను ఓడాడా అని అడిగింది. తానే తనకు లేనివాడు నన్నెలా ఒడ్డుతాడని. చీర సంగతి ఆ తర్వాత కదమ్మా! మేమంతా చీర దగ్గరే ఏడ్చాం గాని ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు."

నన్నయ తెనిగించిన సభాపర్వంలో ఉన్న ఈ ఘట్టం తెలుగువారికి వేయి ఏళ్ళుగా పరిచితం. ద్రౌపది మొదటి ప్రశ్న ఆచ్ఛాదన గురించి కాదు, హక్కు గురించి. ఒక మనిషిని పందెంలో ఒడ్డడానికి మరొకరికి అధికారం ఎక్కడిది అన్నదే ఆమె అడిగినది. ఆ సభలోని పెద్దలు సూటిగా జవాబు చెప్పలేకపోయారు.

తక్కిన ఇద్దరూ తమ గ్రంథాలలోని సమాన స్థానాలను గుర్తుచేసుకొన్నారు. ఖురాన్ 24వ అధ్యాయం 30వ వాక్యంలో చూపు దించుకొనవలసిందన్న ఆదేశం ముందుగా విశ్వాసులైన పురుషులకు వస్తుంది. స్త్రీలకు చెప్పిన మాట 31వ వాక్యంలో, దాని తరువాత వస్తుంది. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో, క్రీస్తు మోహపు చూపు విషయంలో బాధ్యతను చూసేవాని హృదయంపైన, చూసేవాని కంటిపైన ఉంచాడు. స్త్రీ వేషాన్ని ఆయన అక్కడ ప్రస్తావించలేదు.

మూడు సంప్రదాయాలలోను స్త్రీని అదుపులో ఉంచడానికి ఉదహరింపబడే వాక్యాలు కూడా ఉన్నాయి. వాటిని చూపి ఆడపిల్లల చదువును, రాకపోకలను అడ్డుకొన్నవారూ ఉన్నారు. ఆ ముగ్గురికీ ఇది అనుభవమే. అయినను ఒక్కొక్కరు తమ ఇంటి గ్రంథంలోనే, ప్రశ్నను చూడబడే స్త్రీ నుండి చూసేవాని వైపుకు తిప్పే చోటును కనుగొన్నారు. అందుకు ఎవరూ తమ విశ్వాసాన్ని విడువవలసిన అవసరం కలగలేదు. దుస్తుల విషయంలో వారికి ఏకాభిప్రాయం కుదరలేదు, కుదరనక్కరలేదు కూడా. ఫలకం విషయంలో కుదిరింది. టైర్లు అమ్మడానికి ఒక స్త్రీని టైరు వలె పరచడం తప్పు. అంతవరకు ముగ్గురూ సంతకం చేయగలరు.

చట్టంలోని 'లేదా'

భారతదేశంలో 'స్త్రీల అసభ్య చిత్రణ (నిషేధ) చట్టం' 1986లో ఆమోదం పొంది, 1987 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చింది. ప్రకటనలు, పుస్తకాలు, కరపత్రాలు, చిత్రాలు మొదలైన వాటిలో స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని ఇది నిషేధిస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. తిరిగి చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ళ వరకు జైలు, పదివేలకు తగ్గకుండా లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

ఈ చట్టపు నిర్వచనంలో ఒక చిన్న మాట కీలకమైనది. స్త్రీ రూపాన్ని అసభ్యంగా 'లేదా' స్త్రీలను అవమానించే, కించపరిచే విధంగా చూపడం అని నిర్వచనం చెబుతుంది. అనగా 1996లో వినిపించిన రెండు స్వరాలకూ ఇందులో చోటున్నది. ఫిర్యాదు చేసేవారు 'సిగ్గుచేటు' అన్న మాట మీదనే ఆధారపడనక్కరలేదు. 'కించపరుస్తోంది' అన్న మాట కూడా చట్టం ఎరిగినదే.

కేబుల్ టీవీ నియమాలు (1994) మరింత స్పష్టంగా ఉన్నాయి. స్త్రీలను అణిగిమణిగి ఉండేవారిగా, కుటుంబంలోను సమాజంలోను రెండవ స్థానానికి తగినవారిగా చూపే ప్రకటనలను ఆ నియమాలలోని ప్రకటనల స్మృతి అనుమతించదు. ఇందులో దుస్తుల ప్రసక్తి లేదు.

ఫిర్యాదు ఏ గుమ్మానికి?

వీధిలోని ఫలకం అయితే నగరపాలక సంస్థకు వ్రాయాలి. ప్రకటన ఫలకం నెలకొల్పడానికి నగరపాలక సంస్థ అనుమతి అవసరం. ఫలకం ఫొటో, స్థలం, చూసిన తేదీ జతపరచాలి. దానికి అనుమతి ఉన్నదా అని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. సాధారణంగా 30 దినాలలో జవాబు రావాలి.

టీవీ కార్యక్రమం లేదా టీవీ ప్రకటన అయితే మొదట ఆ ఛానల్‌కే వ్రాయాలి. 2021 జూన్‌లో వచ్చిన నియమాల ప్రకారం ఛానల్ 15 దినాలలో తన నిర్ణయం తెలపాలి. తృప్తి కలగనప్పుడు ప్రసారకర్తల స్వీయ నియంత్రణ సంఘానికి, ఆపైన కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణ యంత్రాంగానికి వెళ్ళవచ్చు.

ఏ మాధ్యమంలోని వ్యాపార ప్రకటనపైన అయినా 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలికి, అనగా ఆస్కీకి, వ్రాయవచ్చు. ఇది ప్రభుత్వ శాఖ కాదు, ప్రకటనల రంగం తనకు తాను ఏర్పరచుకొన్న సంస్థ. చూసేవారిని రెచ్చగొట్టడానికి మనుషులను వస్తువులుగా చూపరాదని 2022 జూన్‌లో ఇది మార్గదర్శకాలు ఇచ్చింది. అదే నెలలో, సామూహిక అత్యాచారాన్ని స్ఫురింపజేస్తూ హాస్యం ఆడిన ఒక సుగంధ ద్రవ్యపు ప్రకటనలపై ప్రజలు ఆగ్రహించగా, కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ వాటిని యూట్యూబ్, ట్విట్టర్‌ల నుండి తొలగింపజేసింది.

స్వయంగా తన చిత్రమే దుర్వినియోగమైతే, మార్చి అతికించిన చిత్రం తిరుగుతూ ఉంటే, జాప్యం చేయరాదు. తెరను ఫొటో తీసి, లింకును భద్రపరచి, ఆ సామాజిక మాధ్యమపు ఫిర్యాదు అధికారికి వ్రాయాలి. ఇటువంటి చిత్రాలను ఫిర్యాదు అందిన పిదప నిర్ణీత గడువులో తొలగించే చర్య తీసుకోవాలని 2021 నాటి ఐటీ నియమాలు విధించాయి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోను, పోలీసు స్టేషనులోను ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తక్షణ సహాయానికి మహిళల నంబరు 181, అత్యవసర నంబరు 112.

ఎలా వ్రాయాలి?

"ఈ బొమ్మ అసహ్యంగా ఉంది, మా పిల్లలు చెడిపోతారు, తీసివేయండి" అని వ్రాసిన ఫిర్యాదు బలహీనమైనది. అసహ్యం అన్నది అభిప్రాయం. ఎదుటివారు మరొక అభిప్రాయం చెప్పి తప్పించుకోగలరు. అదే విషయాన్ని ఇలా వ్రాయవచ్చు:

"ఫలానా వీధిలో, పాఠశాల ఎదుట, ఫలానా తేదీ నుండి ఉన్న ఈ ఫలకం టైర్ల వ్యాపారానికి చెందినది. ఇందులోని స్త్రీకి అమ్మే వస్తువుతో ఏ సంబంధమూ లేదు. ఆమె ముఖం సగం కత్తిరించి, శరీరాన్ని మాత్రమే వస్తువుతో సమానంగా చూపారు. ఇది స్త్రీలను కించపరిచే చిత్రణ అని మా ఫిర్యాదు. దీని అనుమతిని పునఃపరిశీలించి, తీసుకొన్న చర్యను మాకు తెలియజేయగలరు."

ఎక్కడ, ఏది, ఏ విధంగా, ఏ చర్య కోరుతున్నాము అన్న నాలుగు అంశాలు ఇందులో ఉన్నాయి. ఆ చిత్రంలోని యువతిపై ఒక్క నింద లేదు. వేర్వేరు మతాల వారు కలిసి సంతకం చేసినప్పుడు, ఇది ఒక వర్గపు అభ్యంతరమని తోసివేయడం కష్టమవుతుంది.

ఫిర్యాదులు వృథా పోవు. మేనిఛాయ తెలుపైతేనే ఉద్యోగం, పెళ్ళి అని చెప్పే క్రీము ప్రకటనలపై ఐద్వా మహిళా సంఘం ఉద్యమించిన పిదప, 2003లో కేంద్ర మంత్రిత్వ శాఖ ఆ తరహా టీవీ ప్రకటనలపై చర్య తీసుకొన్నది. నల్లని మేనిఛాయ గలవారిని అందవిహీనులుగా, నిరాశలో ఉన్నవారిగా చూపరాదని 2014లో ఆస్కీ నియమం చేసింది. 2020లో ఆ ప్రసిద్ధ క్రీము తన పేరు నుండి 'ఫెయిర్' అన్న పదాన్ని తొలగించుకొన్నది. మొదటి ఫిర్యాదుకూ పేరు మార్పుకూ నడుమ పదిహేడేళ్ళకు పైగా పట్టింది. ఆలస్యమైనను, అది జరిగింది.

ఒక జాగ్రత్త

ఇదే ఆయుధం స్త్రీల మీదికే తిరగవచ్చు. 'సభ్యత' పేరిట నటీమణులను, కవయిత్రులను, మామూలు ఆడపిల్లలను వేధించిన సందర్భాలు తక్కువ కావు. అందుచేతనే 1986 చట్టం విజ్ఞానం, సాహిత్యం, కళ, విద్య కోసం చేసిన ప్రచురణలకు, మత సంబంధమైన వాటికి, ప్రాచీన కట్టడాలలోని, దేవాలయాలలోని శిల్పాలకు మినహాయింపు ఇచ్చింది. 1996లోనే, 'బాండిట్ క్వీన్' చిత్రంపై వచ్చిన కేసులో, అందులోని నగ్న దృశ్యం ప్రేక్షకునిలో మోహాన్ని కాక, ఆ దౌర్జన్యం చేసినవారిపై ఏవగింపును కలిగిస్తుందని సుప్రీంకోర్టు గుర్తించింది. ఒక చిత్రం చూసేవానిని ఏమి చేయమంటోంది అన్నదే పరీక్ష.

ఆ కాలనీ సంఘం గదిలో చివరకు కాగితంపై మొదటి సంతకం పెద్దావిడ చేశారు. కలం ఉపాధ్యాయినికి అందిస్తూ, "ఆ పిల్ల పేరేమో గాని, ఆమె తరఫున కూడా ఒకటి పెట్టినట్టే అనుకోండమ్మా," అన్నారు.

చర్చకు ప్రశ్నలు

1. నేడు మీ వీధిలో చూసిన ఒక ప్రకటనను తీసుకోండి. పై ఏడు లక్షణాలలో ఏవైనా అందులో ఉన్నాయా?

2. మీ మతానికి లేదా సమాజానికి చెందిన స్త్రీని సినిమాలలో, ధారావాహికలలో సాధారణంగా ఎలా చూపుతున్నారు? పొరుగింటివారిని కూడా ఇదే ప్రశ్న అడిగి, జవాబులను పోల్చండి.

3. మీ ఇంటిలో ఇటువంటి చిత్రం గురించి మాట వచ్చినప్పుడు, ముందుగా ఎవరిని తప్పుపడతారు? తరువాత ఎవరి పేరు రావాలి?

4. పైన ఇచ్చిన నమూనాలోని నాలుగు అంశాలతో ఒక ఫిర్యాదు వ్రాసి, వేరొక మతానికి చెందిన ఇరుగుపొరుగువారికి చదివి వినిపించండి. వారు సంతకం చేయలేని మాట ఏదైనా అందులో ఉంటే, దానిని గురించి కలిసి ఆలోచించండి.